పదిహేను డిగ్రీల కళ

మా ఆఫీసరు మృత్యుంజయరావు గారు బెంగుళూరు వెళ్ళక ముందు మామూలు మనిషే. పదిన్నరకి వచ్చేవారు, పదకొండుకి టీ తాగేవారు, ఎదురుగా పెట్టిన కాగితాల మీద సంతకాలు చేసేవారు, ఐదింటికి వెళ్ళిపోయేవారు. కళ జోలికి పోయేవారు కాదు. ఆయన జిల్లా కళా వికాసాధికారి. నేను ఆయన కింద సీనియర్ అసిస్టెంటుని, పేరు కొండలరావు.

కిందటేడు జూలైలో ఆయన్ని 'మిశ్రమ మాధ్యమ కొలాజ్‌లో అసౌష్ఠవం' అనే శిక్షణకి బెంగుళూరు పంపించారు. అసలు వెళ్ళాల్సింది పక్క జిల్లా ఆఫీసరు. ఆయనకి కంటి ఆపరేషన్ అవడంతో ఈయన వెళ్ళారు. కొలాజ్ అంటే కాగితం ముక్కలు, గుడ్డపేలికలు, సీసా మూతలు, చేతికి దొరికినవన్నీ అట్ట మీద అతికించి చేసే బొమ్మ. అసౌష్ఠవం అంటే ఆ బొమ్మలో రెండు పక్కలూ ఒకేలా ఉండకపోవడం. ఒక పక్క నిండుగా ఉంటుంది, ఇంకో పక్క ఖాళీగా ఉంటుంది. అంతే. ఈ ముక్క చెప్పడానికి అక్కడ మూడు రోజులు పట్టిందట.

సోమవారం పొద్దున్న ఆయన గదిలోకి నన్ను పిలిచారు.

"కొండల్రావు గారూ, ఈ గదిలో మీకేం కనిపిస్తోంది?"

"రెండు బీరువాలు సార్."

"బీరువాలు కావండీ. బానిసత్వం! అటో బీరువా, ఇటో బీరువా, మధ్యలో నేను. ఇన్నాళ్ళూ నేను సౌష్ఠవంలో బతికాను. ఎర్రయ్యని పిలవండి."

మా అటెండరు ఎర్రయ్య వచ్చి ఎడమ పక్క బీరువాని లాక్కెళ్ళి కుడి పక్క బీరువా ముందు పెట్టాడు. దాంతో తలుపు సగమే తెరుచుకోవడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి ఆయన గదిలోకి అందరం పక్కకి తిరిగి వెళ్ళేవాళ్ళం. అది ఆయనకి చాలా నచ్చింది. "చూశారా, మనుషుల నడకలోనే ఒక కొత్తదనం వచ్చింది," అన్నారు.

మర్నాడు ఆఫీసు కాగితం మీద ముద్ర పైన మధ్యలోంచి కింద ఎడమ మూలకి దిగింది. సందర్శకుల బల్లకి ఒక కాలు రెండంగుళాలు కోయించారు. పింఛను కోసం వచ్చిన ఒక హరికథ భాగవతారు గారు ఆ బల్ల మీంచి జారి, పక్కనున్న తోలుబొమ్మలాట ఆయన ఒళ్ళో పడ్డారు. ఇద్దరూ పాతికేళ్ళుగా మాటల్లేని వాళ్ళట. ఆ పూట మాట్లాడుకున్నారు. మా ఆఫీసరు ఆ సంగతిని తన కొత్త విధానం తొలి ఫలితంగా పై వాళ్ళకి రాశారు.

అక్కడితో ఆగితే ఇది కథ అయ్యేది కాదు. ఆగస్టులో జిల్లాలోని పాఠశాలలన్నిటికీ ఒక సర్క్యులర్ వెళ్ళింది. టైపు చేసింది నేనే కాబట్టి నాకు బాగా గుర్తు.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, జిల్లాస్థాయి కొలాజ్ పోటీలకు ప్రతి కాంట్రాక్టు డ్రాయింగు టీచరు విధిగా ఒక ఎంట్రీ సమర్పించవలెను. సదరు ఎంట్రీ అసౌష్ఠవముగా ఉండవలెను. అసౌష్ఠవము పదిహేను డిగ్రీలకు తగ్గరాదు. ఉత్తీర్ణత పొందని ఎంట్రీ తాలూకు టీచరు సేవలు పొడిగింపునకు పరిశీలించబడవు."

పదిహేను డిగ్రీలు ఎక్కణ్ణుంచి వచ్చాయని నేను అడిగాను.

"పదయితే మరీ తక్కువండీ. ఇరవయ్యయితే టీచర్లు ఇబ్బంది పడతారు," అన్నారాయన దయగా.

"అది కాదు సార్. బొమ్మలో అసౌష్ఠవాన్ని డిగ్రీల్లో కొలవడం ఎలాగ?"

"అక్కడే ఉంది, కొండల్రావు గారూ, మన జిల్లా ప్రత్యేకత! అట్ట పైఅంచుకి సరిగ్గా మధ్యలో చిల్లు పెడతాం. మేకుకి తగిలిస్తాం. రెండు పక్కలూ సమానమైతే తిన్నగా వేలాడుతుంది. అసౌష్ఠవమైతే ఒరుగుతుంది. ఎంత ఒరిగిందో కోణమానినితో చూస్తాం."

"బరువు వేరు, చూపు వేరు కదా సార్?"

ఆయన నన్ను జాలిగా చూశారు. "కంటికి కనిపించేది అభిప్రాయమండీ. కోణం సాక్ష్యం. రేపు ఎవరైనా కోర్టుకెళితే నేను నా అభిప్రాయం పట్టుకెళ్ళనా, కోణం పట్టుకెళ్ళనా?"

ఆ సాయంత్రమే మా అమ్మాయి జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తెచ్చి ఆఫీసు సామాను జాబితాలో ఎక్కించాను.

ఇక టీచర్ల సంగతి. మొదటి వారం వాళ్ళు రంగులూ బొమ్మలూ ఆలోచించారు. రెండో వారానికి మేకు సంగతి తెలిసిపోయింది. మూడో వారం నుంచి ఊళ్ళో పాత ఇనప సామాను కొట్ల దగ్గర డ్రాయింగు టీచర్లే కనబడ్డారు.

పరీక్ష జిల్లా గ్రంథాలయం మేడ మీద హాల్లో పెట్టాం. అరవై రెండు ఎంట్రీలు వచ్చాయి. ఎర్రయ్య తగిలించడం, నేను కోణం చదవడం, ఆఫీసరు గారు తల ఊపడం. 'మాతృప్రేమ' అనే కొలాజ్‌లో తల్లి ఒడిలో బిడ్డ ఉండాల్సిన చోట గోదాము తాళంకప్ప ఉంది. ఇరవై ఒక్క డిగ్రీలు. 'వర్షఋతువు'లో కుడి చివర తూము మూత. ఇరవై ఎనిమిది. 'మా పల్లె' అనే దాంట్లో పల్లె ఏమీ లేదు, సగం ఇటుక మాత్రం ఉంది. దాని తాలూకు హెడ్మాస్టరు గారు నా పక్కన నిలబడి, "మరి కొంచెం వాలనివ్వండి సార్, ఇప్పుడిప్పుడే వాలుతోంది," అని బతిమాలారు. 'సూర్యోదయం' అనేది మేకుతో సహా ఊడి వచ్చి ఎర్రయ్య కాలి మీద పడింది. అది నిలువునా నిలబడింది కనక తొంభై డిగ్రీలు వెయ్యమన్నారు ఆఫీసరు గారు. "అసాధారణ ప్రతిభ" అని పక్కన రాయించారు. ఎర్రయ్య కాలికి కట్టు కట్టించుకుని మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు.

మొత్తం అరవై ఒకటి పాసయ్యాయి.

అరవై రెండోది బూరాడ హైమావతి గారిది. ఆవిడ కొండ దిగువన ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీద డ్రాయింగు చెబుతున్నారు. సన్నగా ఉంటారు. మాట నెమ్మది. వేళ్ళకి ఎప్పుడూ జిగురు ఎండి ఉంటుంది. అట్టని దుప్పట్లో చుట్టి బస్సులో తెచ్చారు.

దుప్పటి తీశాక హాల్లో ఉన్నవాళ్ళంతా దగ్గరికి వచ్చారు.

అట్ట మూడడుగుల వెడల్పు ఉంటుంది. బూడిదరంగు కాగితం మీద వాన గీతలు. మధ్యలో వెనక నుంచి చూసినట్టుగా ఒక బస్సు. బస్సు లోపల కుడి పక్కన జనం. ఎంత జనం! పాత బస్సు టిక్కెట్లు వాళ్ళ ఒళ్ళు, సోడా మూతలు వాళ్ళ తలలు, చీర అంచులు, గాజు ముక్కలు, చొక్కా బొత్తాలు, ఒకరి మీద ఒకరు పడి, అంచు దాకా కిక్కిరిసి ఉన్నారు. ఎడమ పక్క అంతా ఖాళీ. బూడిదరంగే తప్ప ఏమీ లేదు. ఆ ఖాళీలో ఒక్క చోట, తలుపు దగ్గర, టిక్కెట్లకి చిల్లులు కొట్టే పాత ఇనప పంచ్ ఒకటి నిలువుగా అతికించి ఉంది. ఒంటరిగా మనిషి నిలబడ్డట్టు ఉంది అది. కళ్ళు ముందు జనం మీదికి వెళ్ళి, తర్వాత తిరిగి ఆ పంచ్ దగ్గరికే వచ్చేస్తున్నాయి. నేను కళ తెలిసినవాణ్ణి కాను. అయినా కోణమానిని పక్కన పెట్టి చూశాను.

"ఆహా," అన్నారు ఆఫీసరు గారు. "అసౌష్ఠవం అంటే ఇదీ! తగిలించు ఎర్రయ్యా."

ఎర్రయ్య తగిలించాడు. అట్ట ఇటూ అటూ రెండుసార్లు ఊగి, తిన్నగా నిలబడింది.

నేను కోణమానిని పెట్టాను. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను.

"ఎంత?" అన్నారు ఆఫీసరు గారు.

"సున్నా సార్."

నలభై చిల్లర మంది ప్రయాణికులూ ఒక పక్క, ఇనప పంచ్ ఒక్కటీ ఒక పక్క. సరిసమానంగా తూగాయి.

"ఇది సౌష్ఠవం," అన్నారాయన. "ఫెయిల్."

హైమావతి గారికి మొదట అర్థం కాలేదు. "సార్, మీరే ఇప్పుడు అసౌష్ఠవమన్నారు కదా?"

"అది నా వ్యక్తిగత అభిప్రాయమమ్మా. ఆఫీసు అభిప్రాయం మేకు చెబుతుంది."

"రెండు పక్కలూ ఒకేలా లేవు సార్. అయినా బొమ్మ పడిపోవట్లేదు. అసౌష్ఠవం అంటే పడిపోవడం కాదు కదండీ. ఎక్కువ మంది ఇటున్నా, ఆ ఒక్కడూ అటు నిలబడి ఆపుతున్నాడు. కన్నుకి తెలుస్తుంది."

"రూల్లో కన్ను లేదమ్మా," అన్నారాయన.

ఆవిడ పాఠశాల హెడ్మిస్ట్రెస్ విశాలాక్షి గారు మంచావిడ. హైమావతి గారిని కిటికీ దగ్గరికి తీసికెళ్ళారు. నేను కాగితాలు సర్దుతూ పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

"ఒక్క ఇనప బోల్టు, హైమా. ఆ మూల వెనకాల అతికించు. ఎవరికీ కనబడదు. తొమ్మిదేళ్ళ ఉద్యోగం. మీ నాన్న మందులు ఎలా కొంటావు?"

"ముందు నుంచి కనబడదు గానీ, నాకు తెలుస్తుంది కదండీ."

"ఏం తెలుస్తుందే?"

"అది నిజంగా జరిగిందండీ. మా నాన్న కండక్టరు. నా చిన్నప్పుడు తుపానులో గెడ్డ పొంగి, గట్టు మీంచి వాళ్ళ బస్సు ఎడమ చక్రాలు జారాయి. నాన్న అందరినీ కుడి పక్కకి తోసి, తను తలుపు దగ్గర నిలబడ్డాడు. ట్రాక్టరు వచ్చేదాకా రెండు గంటలు ఎవర్నీ కదలనివ్వలేదు. ఒక్క బోల్టు ఎక్కువ పెడితే, మేడమ్, బస్సు గెడ్డలో పడిపోతుంది."

విశాలాక్షి గారు ముక్కు చీదుకుని, తన సంచీలోంచి తీసిన బోల్టుని మళ్ళీ సంచీలోనే వేసుకున్నారు.

హైమావతి గారు అప్పీలు రాశారు. సర్క్యులర్లో అప్పీలుకి వీలుంది. ఎవరూ పెట్టుకోరన్న నమ్మకంతో పెట్టిన క్లాజు అది. ఆఫీసరు గారు రెండు రోజులు ఆలోచించి, రెండో దశ పరీక్ష కనిపెట్టారు.

"వేలాడదీస్తే గాలి ప్రభావం ఉండొచ్చు. టీచరుకి అన్యాయం జరగకూడదు. కాబట్టి ఎంట్రీని సరిగ్గా మధ్యకి కోసి, రెండు సగాలనీ విడివిడిగా కాటా వేద్దాం. తేడా వస్తే పాస్ చేద్దాం."

"కోస్తే బొమ్మ పోతుంది కదా సార్?"

"టీచరు ఉద్యోగం నిలబడుతుంది కదండీ! మనకి మనుషులు ముఖ్యం." ఆయన నిజంగానే అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఇది నేను ఎవరికి చెప్పినా నమ్మరు.

గురువారం పదకొండింటికి ముహూర్తం. రేషను డిపో నుంచి కాటా వచ్చింది. రేకులు కోసే పెద్ద కత్తెర వచ్చింది. కోయాల్సింది నేను, ఎందుకంటే పరీక్ష కమిటీలో రెండో సభ్యుణ్ణి నేనే. హైమావతి గారు గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఏడవడం లేదు. కొంగు చివర పట్టుకుని నలుపుతున్నారు. అట్ట బల్ల మీద ఉంది. నేను కత్తెర పట్టుకుని వంగాను. సరిగ్గా మధ్య గీత ఒక టిక్కెట్టు మీంచి పోతోంది. దాని మీద నీలం అంకెలు, ఊళ్ళ పేర్లు, కింద సంస్థ ముద్ర. నా చెయ్యి ఆగింది.

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను ఎవరికీ ఎదురు చెప్పలేదు. చెప్పడం ఎలాగో కూడా నాకు రాదు. నాకు వచ్చిందల్లా నోట్ ఫైలు రాయడం.

"సార్," అన్నాను, "చిన్న సందేహం. ఇందులో టిక్కెట్లున్నాయి. టిక్కెట్టు వేరే శాఖ పత్రం. మరో శాఖ పత్రాన్ని మన శాఖ కత్తిరించినట్టవుతుంది. రేపు వాళ్ళు అడిగితే?"

ఆఫీసరు గారి ముఖంలో రంగు మారింది. కళ గురించి ఎంతైనా ధైర్యం చేస్తారు గానీ, వేరే శాఖ అనేసరికి ఎవరికైనా గుండె జారుతుంది.

"వేరే శాఖా..." అన్నారు. "అయితే వాళ్ళ అభ్యంతరం లేదని రాయించి తెప్పించండి. అంతవరకు కత్తెర బీరువాలో పెట్టండి."

ఆ రోజే బస్సు డిపోకి ఉత్తరం రాశాను. వీలైనంత కష్టంగా రాశాను. ఎవరికీ అర్థం కాకపోతే ఆరు నెలలైనా పడుతుందని నా ఆశ. కానీ ఆ డిపో మేనేజరు కొత్తగా చేరిన చురుకైన మనిషి. పదో రోజుకే జవాబు వచ్చింది.

"టిక్కెట్టును జారీ చేయుటకు గానీ చించుటకు గానీ సంబంధిత కండక్టరుకు మాత్రమే అధికారము కలదు. సదరు టిక్కెట్లు మీరు తెలిపిన నెంబర్ల ప్రకారము బూరాడ తవిటయ్య, కండక్టరు (రిటైర్డ్) జారీ చేసినవి. వారి చేత చింపించుకొనవచ్చును."

ఆఫీసరు గారు ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, "ఎంత స్పష్టంగా రాశాడండీ!" అన్నారు. "కబురు పెట్టండి ఆ తవిటయ్యని."

ఎడాపెడా నియమాలు పాటించుకుంటూ పోతే ఎక్కడికి చేరతామో చూడండి. కూతురు చేసిన బొమ్మని చింపడానికి కన్నతండ్రిని మేం అధికారికంగా పిలిపించాం. ఆ కబురు రాసినది కూడా నేనే.

తవిటయ్య గారు కూతురితో కలిసి వచ్చారు. డెబ్బై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, ఒక మోకాలు సరిగ్గా వంగదు. ఆఫీసు నుంచి పిలుపంటే ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించి వేసుకున్నారు. ఆయనకి బొమ్మ సంగతి తెలియదు. పూర్తయ్యాక చూపిద్దామని హైమావతి గారు దాచారట. తర్వాత జరిగిన గొడవలో చూపించే ధైర్యం చేయలేదట.

ఆఫీసరు గారి గది సగం తలుపులోంచి పక్కకి తిరిగి లోపలికి వచ్చి, బల్ల మీద ఉన్న అట్టని చూసి ఆగిపోయారు.

"ఇది..." అన్నారు. "ఇది మన పెదగెడ్డ మలుపు కదేటమ్మా?"

హైమావతి గారు తల ఊపారు.

ఆయన దగ్గరికి వెళ్ళారు. చెయ్యి చాచి, ముట్టుకోకుండా, టిక్కెట్ల మీదుగా గాల్లోనే తిప్పారు. "తడిసిపోయిన టిక్కెట్లు. మర్నాడు అందరికీ కొత్తవి ఇచ్చి పాతవి తీసుకున్నాను. ట్రంకులో పెట్టి మర్చిపోనాను. నువ్వెప్పుడు తీశావే?" అని, అంతలోనే పంచ్ మీద చూపు పడి, "ఓరి! నా పంచ్," అన్నారు. చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నారు.

ఆఫీసరు గారు గొంతు సవరించుకున్నారు. "తవిటయ్య గారూ, మీ డిపో వారి ఉత్తరం ప్రకారం ఈ టిక్కెట్లు చించే అధికారం మీ ఒక్కరికే ఉంది. ఇదిగో, ఈ గీత వెంట. మీ అమ్మాయి ఉద్యోగం కోసమే. కొండల్రావు గారూ, కత్తెర ఇవ్వండి."

నేను ఇచ్చాను. తవిటయ్య గారు తీసుకున్నారు. గీత వంక చూశారు, ఆఫీసరు గారి వంక చూశారు.

"చింపుతాను బాబూ. డ్యూటీ అంటే డ్యూటీయే. కాపోతే నాకొకటి చెప్పండి. ఎవర్ని దించీమంటారు?"

"దించడమేమిటి?"

"టిక్కెట్టు చించీడమంటే మనిషిని దించీసినట్టే కద బాబూ. ఇదిగో, ఈ గీత పోయే టిక్కెట్టు పార్వతీపురం మేష్టారిది. చంకలో పిల్లాడు. ఆయన పక్కన పెళ్ళికూతురు, పసుపు బట్టల్తో ఉంది, గజగజ వణికిపోతంది. ఈ వెనకాల ఇద్దరన్నదమ్ములు. అందాక తగువులాడుకుని, ఆ రెండు గంటలూ ఒకడి చెయ్యి ఒకడు ఒగ్గలేదు. మీరు ఆ రోజు అక్కడ లేరు. నానున్నాను. బస్సు ఊగినప్పుడల్లా ఒక్కడు కదిలినా అందరూ పోతారని అరిచీవోణ్ణి. ఎవడూ కదల్లేదు. ఇప్పుడు ఇంతమందిలో ఎవర్ని గెడ్డలో దించీమంటారో, పేరు రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. దించీస్తాను."

ఆయన గొంతు పెంచలేదు. కత్తెర పట్టుకుని, నిలబడి, ఆర్డరు కోసం ఎదురు చూస్తున్నారు. వెటకారం ఏమీ లేదు. ఆయన జీవితమంతా రాతపూర్వకమైన ఆర్డరు ఉంటేనే బస్సు ఆపిన మనిషి.

మృత్యుంజయరావు గారు కలం తీశారు. కాగితం దగ్గరికి లాక్కున్నారు. ఏదో రాయబోయి ఆగారు. మళ్ళీ అట్ట వంక చూశారు. మొదటిసారి, మేకు లేకుండా, కోణమానిని లేకుండా, చాలాసేపు చూశారు.

"ఆ పెళ్ళికూతురు..." అన్నారు చివరికి. "ఆ తర్వాత పెళ్ళయిందా?"

"అయింది బాబూ. నన్ను పిలిచినారు. భోజనం పెట్టినారు."

ఆఫీసరు గారు కలం మూత పెట్టేశారు. "ఈ ఫైలు వాయిదా," అన్నారు నాతో, నా ముఖం చూడకుండా. "కారణం మీరే ఏదో రాయండి."

'వాతావరణ పరిస్థితుల దృష్ట్యా' అని రాశాను.

ఇంతటితో హైమావతి గారు బయటపడ్డారనుకుంటే పొరపాటు. వాయిదా పడిన ఎంట్రీ ఫెయిలూ కాదు, పాసూ కాదు. ఆవిడ సేవలు పొడిగించబడలేదు, రద్దూ కాలేదు. రెండు నెలలు ఆవిడ పాఠశాలకి వెళ్ళి పాఠం చెప్పారు గానీ హాజరుపట్టీలో సంతకం పెట్టనివ్వలేదు. పిల్లల దగ్గర బొమ్మలు దిద్దుతూ, లెక్క ప్రకారం లేని టీచరుగా ఉన్నారు. మధ్యలో రెండుసార్లు మా ఆఫీసుకి వచ్చారు. నేను మంచినీళ్ళు ఇచ్చాను. అంతకన్నా నా చేతిలో ఏమీ లేదు.

డిసెంబరులో పైన కమిషనరు మారారు. కొత్త కమిషనరుకి క్రమశిక్షణ ఇష్టమట. వచ్చిన వారంలోనే రాష్ట్రమంతటికీ ఆదేశం వచ్చింది: "కళలో సమతూకము, సౌష్ఠవము పాటించవలెను. వంకర ధోరణులను ఉపేక్షించరాదు."

మృత్యుంజయరావు గారు బీరువాని ఎడమ పక్కకి మళ్ళీ లాగించారు. తలుపు పూర్తిగా తెరుచుకుంది. "అసలు నేను మొదట్నుంచీ ఇదే కదండీ చెబుతున్నాను?" అన్నారు. నేను అవునన్నాను. అరవై రెండు ఎంట్రీలనీ కొత్త విధానంలో మళ్ళీ పరీక్షించమన్నారు. మేకు అదే. కోణమానిని అదే. ఇప్పుడు ఒరిగితే ఫెయిల్.

తాళంకప్ప ఫెయిలయ్యింది. తూము మూత ఫెయిలయ్యింది. ఇటుక హెడ్మాస్టరు గారు ఇంకో సగం ఇటుక పట్టుకుని పరిగెత్తుకొచ్చారు గానీ గడువు దాటిపోయింది. అసాధారణ ప్రతిభని ఎర్రయ్య అసలు తగిలించనే లేదు, దూరం నుంచే ఫెయిలన్నాడు. జిల్లా మొత్తం మీద తిన్నగా వేలాడినది ఒక్కటే. సున్నా డిగ్రీలు.

ఉద్యోగాలు పోవాల్సిన అరవై ఒక్క మంది మళ్ళీ పోటీ పెట్టేదాకా పొడిగింపు తెచ్చుకున్నారు, అందరినీ తీసేస్తే అడిగేవాళ్ళు ఎక్కువవుతారని. హైమావతి గారికి ఉద్యోగంతో పాటు మొదటి బహుమతి కూడా వచ్చింది. జిల్లా గ్రంథాలయంలో ప్రదర్శన పెట్టి, శాలువా కప్పి, ఆఫీసరు గారు మాట్లాడారు. "సౌష్ఠవానికి ఇంతకంటే ఉదాహరణ లేదు. చూడండి, రెండు పక్కలూ ఎంత సమానంగా ఉన్నాయో!" జనం బొమ్మ వంక చూశారు. ఒక పక్క కిక్కిరిసిన మనుషులు, ఒక పక్క ఖాళీ. చూసి, చప్పట్లు కొట్టారు.

ప్రశంసాపత్రం తండ్రి చేతికిచ్చారు హైమావతి గారు. తవిటయ్య గారు కూడబలుక్కుని చదివారు. "'అపూర్వమైన సమతూకమునకు గాను'. సరిగ్గానే రాసినారు కదమ్మా. ఆ రోజు అదే కదా మనల్ని కాపాడింది."

హైమావతి గారు నవ్వారు. ఆవిడ నవ్వడం నేను మొదటిసారి చూశాను.

జనం పల్చబడ్డాక ఒక ముసలావిడ మేకుకి వేలాడుతున్న బొమ్మ ముందుకొచ్చి నిలబడింది. కూరలమ్మే పారమ్మ, గ్రంథాలయం ముందు గంప పెట్టుకుంటుంది. జనం ఏటి సూస్తున్నారో అని లోపలికొచ్చిందట. చాలాసేపు చూసి, తవిటయ్య గారి వైపు తిరిగింది.

"కండట్రు బాబూ, నువ్వే కదా ఆ పొద్దు? నానూ ఉన్నాను ఆ బస్సులో."

"ఉన్నావా? ఏదీ, ఎక్కడ నిలబడ్డావు?"

"నిలబడ్డమేటి? ఒళ్ళు కాలిపోతంది జొరంతో. ఎడం పక్క ఆఖరి సీట్లో, కింద, మూటల ఎనకాల తొంగున్నాను. ఎవులూ లేపలేదు. లేసి సూసీసరికి టాట్రు లాగుతంది."

తవిటయ్య గారు నోరు తెరిచారు. "ఎడం పక్కా? ఓలమ్మో! అందరూ కుడి పక్కనున్నా ఎందుకంత ఊగిపోతందా అని రెండు గంటలు దేవుణ్ణి తిట్టాను నాను! నువ్వా అది!"

పారమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయనా నవ్వడం మొదలుపెట్టారు. మోకాలు నొప్పితో కుర్చీ మీద కూలబడి మరీ నవ్వారు.

హైమావతి గారు నవ్వలేదు. బొమ్మలో ఎడమ పక్క ఆఖర్న, కింద, ఆ ఖాళీ బూడిదరంగు వంక చూస్తున్నారు. తర్వాత అడిగారు, "పారమ్మా, నీ దగ్గర ఏదైనా ఉందా? చిన్నది. బొమ్మలో పెట్టడానికి."

పారమ్మ తన గాజులు తడుముకుంది. గాజుకి వేలాడుతున్న నాలుగు పిన్నీసుల్లోంచి ఒకటి తీసి, చీర కుచ్చెళ్ళతో తుడిచి ఇచ్చింది. హైమావతి గారు సంచీలోంచి జిగురు సీసా తీసి, ఆ పిన్నీసుని ఎడమ పక్క కింద మూల పడుకోబెట్టి అతికించారు. వేలితో నొక్కి పట్టి, ఆరేదాకా అలాగే ఉన్నారు. పంచ్ అలాగే నిలబడి ఉంది. దాని వెనకాల, అది చూడని చోట, పిన్నీసు నిద్రపోతోంది.

ఆవిడ చెయ్యి తీశారు. అట్ట మెల్లగా, జుట్టువాసి, ఎడమకి ఒరిగి ఆగింది.

ఎర్రయ్య నా వంక చూశాడు. కోణమానిని నా జేబులోనే ఉంది. కమిటీ సభ్యుడిగా కొలిచి రాయడం నా విధి. నేను పారమ్మని బయట గంప దగ్గరికి తీసికెళ్ళి, అర కిలో బెండకాయలు తూచమన్నాను.